అడ్డం తిరిగిన సాక్షి

మా నాన్న డప్పు కొడితేగానీ మా ఊళ్ళో సినిమా మారినట్టు కాదు. శుక్రవారం పొద్దున్నే ఒంటెద్దు బండికి రెండు పక్కలా వాల్‌పోస్టర్లు కట్టేవాళ్ళు. బండిలో మైకు పట్టుకుని ఒకాయన, బండి ముందు డప్పేసుకుని మా నాన్న. మైకాయన రంగు కాగితాల కరపత్రాలు విసురుతుంటే పిల్లకాయలం వెనకాల పడి పరిగెత్తేవాళ్ళం. కాలవ గట్టు పక్కన ఉండేది మా డేరా హాలు. రోజల్లా డప్పు కొట్టినందుకు నాన్నకి రెండు రూపాయలు ఇచ్చేవాళ్ళు. ఇంటిల్లిపాదికీ నేల టికెట్టు ఊరికే.

హాల్లో మూడు తరగతులు. తెర ముందు నేల, దాని వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. నేల మాది. మాదిగపల్లె, మాలపల్లె అంతా అక్కడే. బెంచీ మీద చిన్న రైతులు, చేతిపనులవాళ్ళు. కుర్చీలు ఆసాములవి. ఇట్టా కూచోవాలని ఏ గోడ మీదా రాసిలేదు. డబ్బులిస్తే కుర్చీ టికెట్టు ఎవరికైనా ఇయ్యాలి. కానీ మేం కొనకూడదని కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు.

మా పల్లెలో మొట్టమొదట కుర్చీ టికెట్టు కొన్నది మా పెద్దమ్మ కొడుకు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆ టికెట్టు కొన్న రాత్రే అన్నని చంపారు. చంపుతుంటే చూసినవాణ్ణి నేను. కోర్టులో బోనెక్కి చూళ్ళేదని చెప్పినవాణ్ణి కూడా నేనే. ముప్పయ్యేళ్ళు దాటింది. ఇప్పుడు రాస్తున్నాను.

1985లో నేను పదో తరగతి. జులై 16న కారంచేడు మంచినీళ్ళ చెరువు దగ్గర ఊళ్ళో వాళ్ళు గేదెల కుడితి బాల్చీలు కడుగుతుంటే, మేం తాగే నీళ్ళయ్యా అని మన మనిషి ఒకావిడ అడ్డుకుంది. కొట్టబోతే చేతిలో బిందె ఎత్తింది. అంతే ఆమె చేసింది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. జనం ప్రాణాలరచేత పట్టుకుని చీరాల పారిపోయి శిబిరంలో పడ్డారు. ఆ కబురు మా ఊరికొచ్చిన రోజు నాన్న డప్పు కాచుకోలేదు. మూల పెట్టి పడుకున్నాడు.

అదే ఏడు చివర్లో ‘ప్రతిఘటన’ సినిమా వచ్చింది. టి.కృష్ణ తీసింది. తెనాలి వెళ్ళి చూసొచ్చాం. ఆఖర్న విజయశాంతి గొడ్డలి తీసుకుని ఆ దుర్మార్గుణ్ణి నరుకుతుంటే హాలు హాలంతా లేచి నిలబడింది. అన్న ఈలేసి ఈలేసి గొంతు పోగొట్టుకున్నాడు. నడిచి ఇంటికొస్తుంటే దార్లో అమ్మ అంది: “ఆ అమ్మికి గొడ్డలి దొరికింది. కారంచేడులో మన అమ్మికి బిందే దొరికె.” అప్పుడు మేమంతా నవ్వాం. ఆ మాట మాత్రం ఎన్నేళ్ళైనా పోలేదు.

చుండూరు మా ఊరికి సైకిలు మీద పోయొచ్చేంత దూరం. అక్కడి గొడవ మొదలైంది కూడా సినిమా హాల్లోనే. 1991 జులైలో, చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు కూచున్న అగ్రకులం కుర్రాడికి తగిలింది. కాలు తగిలినందుకు పల్లె మొత్తాన్ని వెలేశారు, పనులు ఆపేశారు. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, పట్టపగలు, ఊళ్ళో పోలీసులు ఉండగానే, మనవాళ్ళని పొలాల్లోకి తరిమి ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైన్లో పారేశారు. అప్పటికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అమల్లోకొచ్చి ఏడాదిన్నర. 1989లో చేసి 1990 జనవరి 30 నుంచి అమలు పెట్టిన చట్టం అది. చట్టం దిల్లీలో ఉంది, సంచులు డ్రైన్లో ఉన్నాయి. సెప్టెంబరులో పోలీసు కాల్పులు కూడా జరిగాయి. ఆ తూటా తగిలింది చంపినవాళ్ళకి అనుకునేరు. మన కుర్రాడికే తగిలింది, చచ్చిపోయాడు.

అన్న తెనాల్లో కరెంటు పని నేర్చుకుని నాలుగు డబ్బులు చూస్తున్న రోజులవి. చుండూరు తర్వాత అన్న మాట్టాడే తీరు మారింది. 1993 సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కనుమ నాడు రెండో ఆటకి పోదామన్నాడు. నాకు నేల టికెట్టు తీసి, తనకి కుర్చీ తీసుకున్నాడు. ఎందుకన్నా అంటే నవ్వాడు. “నేల మీద కూచుంటే కాలు తగిలిందంటారు. కుర్చీలో కూచుంటే ఎవడి కాళ్ళు వాడికాడే ఉంటయ్ గదరా.”

ఇంటర్వెల్లో గొడవైంది. “ఎవడ్రా నిన్నీడ కూచోమంది?” అంటే టికెట్టు ముక్క చూపించాడు. దిగమన్నారు, దిగలేదు. ఆట వొదిలాక కాలవ గట్టు మీద నడిచొస్తున్నాం. నేను నాలుగడుగులు వెనకబడ్డాను. చీకట్లోంచి నలుగురొచ్చారు. ఒకడి చేతిలో గడ్డపలుగు, ఇంకొకడి చేతిలో సైకిలు చైను. అన్న ఒక్కసారి “తమ్ముడా, పో” అని అరిచాడు. నేను పోయాను. కాలవలోకి దూకి జమ్ములో పీకలోతు నీళ్ళల్లో నిలబడ్డాను. వాళ్ళ టార్చిలైటే వాళ్ళ మొహాల మీద పడింది. నలుగురూ తెలుసు. ఇద్దరు నాతో ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళు. గుంటూరు తీసుకుపోతుంటే దార్లోనే అన్న ప్రాణం పోయింది.

కేసు పెట్టారు. హత్య కింద, అత్యాచారాల చట్టం కింద కూడా. నేను చూసిందంతా చెప్తే పోలీసులు రాసుకున్నారు. సంతకం పెట్టబోతే అక్కర్లేదన్నారు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం పెట్టక్కర్లేదని నాకప్పుడు తెలీదు. రేపు కోర్టులో దాన్ని కాదనడం అంత తేలికని కూడా తెలీదు. ముద్దాయిలకి బెయిలొచ్చింది. పండక్కి కొత్త బట్టలేసుకుని మా పల్లె ముందునుంచే మోటారు సైకిళ్ళ మీద తిరిగేవాళ్ళు. విచారణకొచ్చేసరికి 1997. నాలుగేళ్ళు.

ఆ నాలుగేళ్ళలో ఏమైందో ఏ కేసు కట్టలోనూ ఉండదు. మేం కౌలుకి చేసే ఎకరంన్నర వాళ్ళ చుట్టాలది. మొదటేడు ఊరుకున్నారు. రెండో ఏడు కౌలు పెంచారు. మూడో ఏడు “చూద్దాంలేరా” అన్నారు. అమ్మని నాట్లకి పిలవడం మానేశారు. కిరాణా కొట్లో బాకీ అడగడం మొదలెట్టారు. చెల్లికి సంబంధం కుదిరితే పెళ్ళివారికి ఎవరో చెప్పారు, ఆ ఇంటిమీద కేసులున్నయ్ అని. నేను టీచరు పరీక్ష రాసి కూచున్నాను. “గవర్నమెంటు ఉద్యోగం కావాల్సినోడివి, కోర్టుల్లో తిరగబాక” అని మా పల్లె పెద్దలే చెప్పారు. ఒక్కరు కూడా నా మీద చెయ్యెత్తలేదు. చెయ్యెత్తితే ఇంకో కేసు అవుతుందని వాళ్ళకి తెలుసు.

హత్య కేసులో రాజీ కుదరదు. చట్టం ఒప్పుకోదు. అందుకని రాజీ బయట చేస్తారు, కోర్టులో సాక్షి అడ్డం తిరుగుతాడు. నలభై వేలకి మాట్టాడారు. పెద్దమ్మ ఆ డబ్బు కట్ట కేసి చూడను కూడా లేదు. మా నాన్న పదిహేను వేలు తీసుకున్నాడు. ఆ డబ్బుతోనే చెల్లి పెళ్ళయింది. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అయినా రాయాలి.

బోనులో నేను నిలబడింది పది నిమిషాలు ఉంటదేమో. మా తరఫు ప్రాసిక్యూటరు అడిగాడు: ఆ రాత్రి ఏం చూశావు? ఏం చూళ్ళేదండి, చీకటిగా ఉందండి. ఆయన కాగితం కింద పెట్టి, ఈ సాక్షి ఎదురు తిరిగాడు, క్రాసు చెయ్యడానికి అనుమతివ్వమని జడ్జిగారిని అడిగాడు. ఆ తర్వాత నేను పోలీసులకి చెప్పిన మాటలే ఒక్కొక్కటీ చదివాడు. ఫలానా వాడు గడ్డపలుగుతో కొట్టాడని చెప్పావా? చెప్పలేదండి. ఫలానా వాడు చైనుతో కొట్టాడని చెప్పావా? చెప్పలేదండి. టార్చిలైటు వెలుగులో నలుగుర్నీ గుర్తుపట్టానని చెప్పావా? చెప్పలేదండి. నా మాటలే నాకు చదివి వినిపిస్తుంటే ఒక్కొక్కటీ చెరుపుకుంటూ పోయాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి “ఏం చదువుకున్నావు?” అనడిగారు. బి.ఏ. అండి, అన్నాను. ఆయన మళ్ళీ ఏం అడగలేదు.

నలుగురూ విడుదలయ్యారు. కోర్టు బయట వేపచెట్టు కింద పెద్దమ్మ కూచునుంది. నన్ను తిట్టలేదు. “నువ్వు జూసింది నువ్వు చెప్పకపోతివి. మరి నా కొడుకుని ఎవరు చంపినట్టురా అబ్బాయ్?” అంది. బస్సులో వేరే సీట్లో కూచుంది. ఆ తర్వాత మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

నాకు ఉద్యోగమొచ్చింది. సినిమాలు మాత్రం మాన్లేదు. ‘అంకుశం’ ఎన్నిసార్లు చూశానో. 1989లో వచ్చిన ఆ సినిమాలో పోలీసాఫీసరు రౌడీల భరతం పడుతుంటే నా ఒళ్ళు పులకరించేది. ఆ తర్వాత ఫ్యాక్షన్ సినిమాలొచ్చాయి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’. హీరో పెద్దింటి బిడ్డ. నరికేదీ అతనే, న్యాయం చేసేదీ అతనే. వెనకాల కత్తులు పట్టుకుని పరిగెత్తి చచ్చేవాళ్ళకి పేర్లుండవు. ఆ పేరు లేనివాళ్ళు ఏ పల్లె నుంచి వస్తారో నాకు తెలుసు. అయినా చప్పట్లు కొట్టేవాణ్ణి. నేను చెయ్యలేనిది ఎవడో ఒకడు చేస్తున్నాడనే ఊరట కాబోలు.

చాలా ఏళ్ళకి ఒక సంగతి తట్టింది. మన సినిమాల్లో సాక్షి ఉండడు. హీరోనే చూస్తాడు, హీరోనే తీర్పు చెప్తాడు, హీరోనే శిక్ష వేస్తాడు. కోర్టు సీను పెట్టినా సాక్షిని లారీతో గుద్ది చంపుతారు. లేకపోతే ఆఖరి నిమిషంలో హీరో జీపులో ఎక్కించుకొస్తాడు. జీపు దిగినోడు సాక్ష్యం చెప్పాక ఏ ఊరు పోతాడు? ఎవరి పొలంలో పని చేస్తాడు? ఏ కొట్లో ఉప్పు కొంటాడు? ఆ రీలు ఎవరూ తియ్యరు. మా కేసు ఓడిపోయింది ఆ రీల్లోనే.

నాలాంటివాళ్ళు అడ్డం తిరుగుతుంటే చుండూరు జనం తిరగలేదు. చనిపోయినవాళ్ళని ఊరి మధ్యలో పూడ్చుకుని ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలని పట్టుబట్టి సాధించారు. విచారణ నడిచే రోజుల్లో ఒకసారి వెళ్ళి వెనక బల్ల మీద కూచున్నాను. చదువు రాని ఆడమనిషి ఒకావిడ బోనులో నిలబడి, అవతలి వకీలు తిప్పి తిప్పి అడుగుతుంటే, “ఎన్నిసార్లడిగినా నేను జూసింది ఇదేనయ్యా” అంటోంది. నేను బి.ఏ. చదివినవాణ్ణి, తలెత్తలేకపోయాను. ఆమె ఇంటినుంచి నడిచొచ్చింది. సాక్ష్యం చెప్పి మళ్ళీ తనవాళ్ళ మధ్యకే నడిచి పోయింది. చుట్టూ పల్లె ఉంది, సంఘం ఉంది, బి. చంద్రశేఖర్ లాంటి ప్రాసిక్యూటరు ఉన్నారు, వెనక బొజ్జా తారకం గారి లాంటి పెద్దలున్నారు. తారకం గారు కారంచేడు అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు ఉద్యోగం వొదులుకుని వచ్చిన మనిషి. నాకు ఆ రోజు బోనులో అవన్నీ లేవు. లేవన్నది నిజమే. అడిగానా అంటే అదీ లేదు.

2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. పదహారేళ్ళు పట్టింది. కారంచేడుకి ఇంకా ఎక్కువ పట్టింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళ జైలు వేసేసరికి ఇరవై మూడేళ్ళు. ఇక 2014 ఏప్రిల్ 22న హైకోర్టు చుండూరు కేసులో అందర్నీ వొదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, చంపినవాళ్ళెవరన్నదీ రుజువు కాలేదంది. అప్పీళ్ళు సుప్రీంకోర్టుకి పోయాయి. ఆ తీర్పు టీవీలో వస్తుంటే పెద్దమ్మ మంచంలో ఉంది. “ఆళ్ళు చెప్పినా ఇంతేనా?” అంది. పదిహేడేళ్ళ తర్వాత నా మొహం చూసి మాట్టాడిన మొదటి మాట అది. మరుసటేడు పోయింది.

సాక్షి చెప్పినా ఇంతే అయినప్పుడు నా తప్పు చిన్నదైపోయిందా? ఒకప్పుడు అట్టాగే అనుకుని నిద్రపోయాను. 2018లో ఆ నిద్ర పోయింది. ఆ ఏడు మార్చి 20న సుప్రీంకోర్టు, ఈ చట్టం దుర్వినియోగమవుతోందని చెప్పి అరెస్టులకి అడ్డాలు పెట్టింది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు బందు చేశారు. ఆగస్టులో పార్లమెంటు చట్టం సవరించి ఆ అడ్డాలు తీసేసింది. ఆ రోజుల్లో మా స్టాఫు రూములో తోటి మాస్టారు ఒకాయన అన్నాడు, “ఎన్ని కేసులు కొట్టేస్తున్నారో చూడండి, అన్నీ తప్పుడు కేసులేగా” అని. నా నోట్లో టీ చేదైపోయింది. కొట్టేసిన ఆ కేసుల్లో మా అన్నది ఒకటి. నేను నోరు మూసుకోబట్టే అన్న చావు తప్పుడు కేసుల లెక్కలో చేరింది.

2019 నవంబరు 27న హైదరాబాదు శివారులో ఒక డాక్టరమ్మాయిని చెరిచి చంపారు. డిసెంబరు 6న తెల్లారేసరికి చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్నీ పోలీసులు కాల్చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా బళ్ళో స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి సంతోషంగా చెప్తే, లా చదువుతున్న మా అమ్మాయి అడిగింది: “నాన్నా, పెద్దనాన్నని చంపిన నలుగుర్నీ అట్టా కాల్చేవాళ్ళా?”

జవాబు చెప్పలేకపోయాను. చుండూరులో తూటా ఎవరికి తగిలిందో నాకు తెలుసు. మా ఊరి ఆసాముల కొడుకుల మీదకి ఏ తుపాకీ లేస్తుంది? 2022 మేలో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. ఆ రోజు కావాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలని, కాల్చిన నలుగురిలో ముగ్గురు మైనర్లని రాసింది. పూలు చల్లినవాళ్ళెవరూ ఆ నివేదిక చదివి ఉండరు.

ఆ డాక్టరమ్మాయి ఘోరానికి మూడు రోజుల ముందే, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి సామాన్లమ్ముకునే దళిత స్త్రీని ముగ్గురు చెరిచి చంపారు. మొదట్లో ఆమె కోసం టీవీలు రాలేదు. ఆమె మనుషులే రోడ్డెక్కాల్సొచ్చింది. ఆ కేసులో ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న తీర్పు చెప్పేసింది. ఉరిశిక్ష న్యాయమా కాదా అన్నది వేరే మాట. నాకు కావాల్సింది ఆ రోజుల లెక్క. రెండు నెలల చిల్లరలో ఒక కోర్టు సాక్షుల్ని విని తీర్పు చెప్పగలిగింది. మా కేసుకి నాలుగేళ్ళు, చుండూరుకి పదహారేళ్ళు ఎందుకు పట్టాయి? కోర్టులకి చేతకాక మాత్రం కాదు. ఆ ఏళ్ళల్లోనే కౌళ్ళు పోతాయి, సంబంధాలు తప్పిపోతాయి, సాక్షులు అడ్డం తిరుగుతారు. ఆలస్యం ఎవరికి పనికొస్తుందో అది వాళ్ళ పని చేసిపెడుతుంది.

2021లో అమ్మాయి ‘జై భీమ్’ చూపించింది. వకీలుగా ఉన్న రోజుల్లో జస్టిస్ చంద్రు వాదించిన తమిళనాడు కేసు అది. అందులోనూ వకీలే హీరో. కానీ ఆ భార్య డబ్బు వొద్దని లేచి పోయే చోట నేను సినిమా ఆపమన్నాను. లేచి బయటికెళ్ళాను. మా పెద్దమ్మ ఆ డబ్బు కట్ట కేసి చూడకపోవడం నేనొక్కణ్ణే చూశాను. దాని మీద ఎవరూ సినిమా తియ్యలేదు.

అమ్మాయి ఇప్పుడు గుంటూరులో జూనియర్ లాయరు. చట్టం తెరిచి చూపించింది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణలో సాక్షుల హక్కులకి ఒక అధ్యాయమే ఉంది. రక్షణ, దారి ఖర్చులు, అవసరమైతే వేరే చోట బతుకుతెరువు. “1995 రూల్సులోనే మీకు రానూపోనూ ఖర్చులు, బత్తెం ఇవ్వాలని ఉంది నాన్నా” అంది. ఆ రోజు తెనాలి నుంచి గుంటూరు బస్సు చార్జీ నాకు ముద్దాయిల మనిషి ఇచ్చాడు. అది కూడా రాయాలి.

సెలవు రోజు పెట్టుకుని, అమ్మాయి కేసుల్లో సాక్షులు కోర్టుకొచ్చేటప్పుడు నేను కూడా పోతున్నాను. నేను చేసేదేం లేదు. పొద్దున్నే వాళ్ళ పల్లెకి పోయి కలిసి బస్సెక్కుతాను. వరండాలో పక్కన కూచుంటాను. మధ్యాహ్నం భోజనం పెట్టిస్తాను. సాయంత్రం వాళ్ళ ఇంటిదాకా దిగబెట్టి, పొయ్యి వెలిగిందాకా ఉండి వస్తాను. వాయిదా పడితే మళ్ళీ పోతాను. అయినా మొన్న ఒక కుర్రాడు అడ్డం తిరిగాడు. బయటికొచ్చి నా కళ్ళలోకి చూళ్ళేకపోయాడు. వాణ్ణి తిట్టలేదు. వాళ్ళ కౌలు భూమి ఎవరిదని అడిగాను.

ఇక నాది మిగిలింది. కొట్టేసిన కేసులో ఇప్పుడు నా మాట ఎవరూ రాసుకోరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, కింద సంతకం పెట్టి మరీ. 1993 సంక్రాంతికి, కనుమ రాత్రి, రెండో ఆట వొదిలాక, కాలవ గట్టు మీద మా అన్నని నలుగురు కొట్టి చంపారు. వాళ్ళ టార్చిలైటు వెలుగులోనే నలుగురి మొహాలూ చూశాను. చీకటిగా లేదు. పోలీసులకి నేను చెప్పిందంతా నిజం, కోర్టులో చెప్పింది అబద్ధం.

పెద్దమ్మా, నేను చూశాను.